రెండు ఇంక్రిమెంట్ల కోసం నేలపాడు దారి

మార్చి నాకు ఇంక్రిమెంటు నెల. 2022 మార్చి జీతాల బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ బిల్లుల ఆన్‌లైన్ సిస్టంలో, పెడుతూ పక్క సీటు అమ్మాయి తలెత్తి, "అక్కా, నీ ఇంక్రిమెంటు ఆపమని ప్రొసీడింగ్స్ వచ్చాయి, నీకు ఇవ్వలేదా?" అంది. ఇవ్వలేదు. నా శిక్ష సంగతి నాకంటే ముందు బిల్లు పెట్టే సెక్షన్‌కి తెలిసింది. రెండు రోజులు అడగ్గా అడగ్గా కాపీ చేతికిచ్చి, తారీఖు వేసి సంతకం పెట్టమన్నారు. ఆ తారీఖు ఎంత ముఖ్యమో అప్పటికి నాకు తెలీదు. ఫారం మీద ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి వచ్చేశాను.

గుంటూరులో ఒక ప్రభుత్వ శాఖలో సీనియర్ అసిస్టెంట్‌ని. ఏ శాఖో చెప్పను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. స్టేషనరీ సప్లయ్ చేసే ఒకాయనకి ఒకే బిల్లు మీద రెండుసార్లు డబ్బు వెళ్లింది, ముప్పై ఎనిమిది వేలు. ఆడిట్‌లో బయటపడింది. ఆయన చెక్కు రాసి తిరిగి కట్టేశాడు, పైసా నష్టం లేదు. కానీ బాధ్యులెవరో తేలాలిగా. మొదటి వోచర్ నేను పరిశీలించి పైకి పంపింది. రెండోది నేను చెల్లెలి కాన్పుకని సెలవులో ఉన్నప్పుడు వెళ్లింది. ఆ వారం నా సీటు చూసినావిడ రిటైరైపోయారు, సంతకం చేసిన అధికారి బదిలీ మీద వెళ్లిపోయారు. మిగిలింది నేను. 2021 నవంబర్‌లో మెమో వచ్చింది, వోచర్ల పరిశీలనలో నిర్లక్ష్యం చూపినందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో పది రోజుల్లో చెప్పండి అని.

ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారి బ్రాడీపేటలో మా వారి స్నేహితుడికి తెలిసిన లాయరు గారి దగ్గరికి పరిగెత్తాం. సర్వీసు కేసులు మాత్రమే చూస్తారు, వారంలో నాలుగు రోజులు హైకోర్టులోనే ఉంటారు. "సార్, కోర్టులో వేసి ఈ మెమో కొట్టేయించండి" అన్నాను. ఆయన మెమో రెండుసార్లు చదివి, "ఇప్పుడే కాదమ్మా" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆయన తాపీగా చెప్పారు. మెమో అంటే అడగడమే, ఇంకా నీ దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదు. నీ సమాధానం చూసి వదిలేయొచ్చు కూడా. నీ హక్కుకి దెబ్బ తగలకుండానే కోర్టుకి వెళ్తే, తొందరపడి వచ్చావని పంపేస్తారు. 2006లో సుప్రీంకోర్టు కూనిశెట్టి సత్యనారాయణ కేసులో చెప్పింది అదే, షోకాజ్ నోటీసు మీదా చార్జ్ మెమో మీదా మామూలుగా రిట్ (హైకోర్టులో నేరుగా వేసే పిటిషన్) వినకూడదని. అది మన ఆంధ్ర నుంచే వెళ్లిన కేసు. మెమో ఇచ్చినాయనకి అసలు ఇచ్చే అధికారమే లేకపోతేనో, చట్టానికి పూర్తిగా విరుద్ధమైతేనో అప్పుడు వేరే మాట. "నీదాంట్లో అధికారం ఉన్నాయనే ఇచ్చాడు. ముందు సమాధానం రాయి. అబద్ధం రాయకు, తిట్టకు, ఎక్కువ రాయకు."

మొదటి రెండూ పాటించాను. మూడోది నా వల్ల కాలేదు. నాలుగు పేజీలు రాశాను. సెలవు చీటీ నకలు, వోచర్ నంబర్లు, ఎవరి లాగిన్ నుంచి ఏది వెళ్లిందో అన్నీ. రెండో వోచర్ మీద ఇనీషియల్ నాది కాదు, ఒక్కసారి చూడండి అని గీత గీసి మరీ రాశాను.

దానికి వచ్చిన జవాబే ఆ ప్రొసీడింగ్స్. పేజీన్నర ఉత్తర్వులో పేజీకి పైగా నా మెమోనే మళ్లీ రాశారు. చివర్లో, సమర్పించిన వివరణ సంతృప్తికరంగా లేదు, కాబట్టి రెండు వార్షిక ఇంక్రిమెంట్లు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపడమైనది. ఎందుకు సంతృప్తికరంగా లేదో లేదు. సెలవు చీటీ ప్రస్తావన లేదు. ఇనీషియల్ ఎవరిదో లేదు.

ఇంక్రిమెంటు ఆపడంలో రెండు రకాలున్నాయని ఇరవై ఏళ్ల సర్వీసులో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇతరుల ఎస్‌ఆర్‌లలో (సర్వీసు రిజిస్టర్లలో) ఎన్నో ఎంట్రీలు రాశాను కూడా. క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా ఆపితే ఆ గడువు అయ్యాక జీతం మళ్లీ పాత దారిలో పడుతుంది, పోయింది ఆ మధ్య నెలల డబ్బే. క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపితే రిటైరయ్యేదాకా రెండు మెట్లు కిందే, ఆ తర్వాత పెన్షన్ కూడా ఆ కింది లెక్కే. నా విషయంలో ఒక్కో ఇంక్రిమెంటు అప్పటికి వెయ్యి పైచిలుకు, డీఏ అదనం. ఇంకో పదహారేళ్ల సర్వీసు ఉంది. మా వారు కాలిక్యులేటర్ తీసుకున్నారు, నేను లాక్కుని పక్కన పెట్టేశాను.

లాయరు గారు ఈసారి మాత్రం కాగితం చూడగానే కళ్లజోడు సర్దుకున్నారు. అల్మారాలోంచి ఉద్యోగుల క్రమశిక్షణ చర్యలకి సంబంధించిన 1991 నాటి సీసీఏ రూల్స్ పుస్తకం తీసి నా ముందు తెరిచి పెట్టారు. తొమ్మిదో రూల్‌లో శిక్షల జాబితా ఉంటుంది. అభిశంసన, ప్రమోషన్ ఆపడం, క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా ఇంక్రిమెంట్లు ఆపడం లాంటివి చిన్న శిక్షలు. వీటికి ఇరవై రెండో రూల్ చాలు, మెమో ఇచ్చి, వివరణ తీసుకుని, ఆలోచించి ఉత్తర్వు వేయొచ్చు. క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపడం, కింది పోస్టుకి దించడం, ఉద్యోగం తీసేయడం పెద్ద శిక్షలు. వీటికి ఇరవయ్యో రూల్ ప్రకారం అభియోగాలు విడివిడిగా రాయాలి, సాక్షుల జాబితా, పత్రాల జాబితా ఇవ్వాలి, అవసరమైతే విచారణాధికారిని వేయాలి, నా మాటా నా సాక్షుల మాటా వినాలి, విచారణ నివేదిక నకలు నాకిచ్చి దాని మీద నా మాట తీసుకోవాలి. ఆ నకలు ఇవ్వకుండా శిక్ష వేయకూడదని 1993లో ఈసీఐఎల్ కరుణాకర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

"నీకు ఇచ్చింది చిన్న మెమో, వేసింది పెద్ద శిక్ష" అన్నారు. 1990లోనే కుల్వంత్ సింగ్ గిల్ అనే పంజాబ్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఈ ముక్కే చెప్పిందట, క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఇంక్రిమెంట్లు ఆపడం పెద్ద శిక్షే, విచారణ లేకుండా వేయడం చెల్లదని. ముప్పై ఏళ్లుగా ఉన్న తీర్పు. మా ఆఫీసులో ఆ ఉత్తర్వు డ్రాఫ్టు రాసినాయనకి తెలీదంటే నమ్మను. ఎవరూ అడగరులే అనుకున్నారని నా అనుమానం.

"అయితే ఇప్పుడు కోర్టుకేగా?" అన్నాను.

"వెళ్లొచ్చు. కానీ ముందు అప్పీలు వెయ్యి."

ఇదొకటి అర్థం కావడానికి నాకు మూడు సార్లు బ్రాడీపేట తిరగాల్సి వచ్చింది. రూల్స్‌లోనే పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు ఉన్నప్పుడు, దాన్ని వాడకుండా రిట్ వేస్తే జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్న, అక్కడికి ఎందుకు వెళ్లలేదు అని. దీనికి మినహాయింపులున్నాయి. 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు వాటిని చెప్పింది. సహజ న్యాయం, అంటే మన మాట సరిగ్గా వినకుండా శిక్షించకూడదన్న నియమం, పాటించకపోతే, అధికారం లేనివాడు ఉత్తర్వు ఇస్తే, ప్రాథమిక హక్కుకి భంగమైతే, లేదా చట్టాన్నే సవాలు చేస్తుంటే, వేరే దారి ఉన్నా హైకోర్టు వినొచ్చు. వినొచ్చు అంతే, వినాలని లేదు. నాది సహజ న్యాయం కిందికి వస్తుంది. "వాదిస్తే సగం మంది జడ్జీలు వింటారు, సగం మంది అప్పీలుకి పొమ్మంటారు. పొమ్మన్నాక అప్పీలు గడువు దాటిపోయి ఉంటే అప్పుడెలా?" గడువు మూడు నెలలు, ఉత్తర్వు నకలు చేతికందిన రోజు నుంచి. నేను చూసుకోకుండా సంతకం పెట్టిన ఆ తారీఖు నుంచి అన్నమాట.

ఆ ఆదివారం తెనాలి నుంచి మా బాబాయ్ వచ్చాడు. రెవెన్యూలో చేసి రిటైరయ్యాడు. విషయం వినగానే "ఓఏ వేశావా?" అన్నాడు. ఆయన కాలంలో సర్వీసు గొడవ అంటే హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్, అక్కడ వేసేది ఓఏ, అంటే ఒరిజినల్ అప్లికేషన్. 1985 చట్టం కింద మన రాష్ట్రానికి 1989 జులైలో వచ్చింది. తొంభైల్లో సీనియారిటీ కేసు కోసం ఆయన రాత్రి బండెక్కి, పొద్దున్నే నాంపల్లిలో దిగి, లాడ్జిలో స్నానం చేసి వెళ్లిన కథలు మాకు చిన్నప్పుడు కంఠతా వచ్చు. మొదట్లో ట్రిబ్యునల్ తీర్పు మీద సుప్రీంకోర్టుకే వెళ్లాల్సి వచ్చేది. 1997లో చంద్రకుమార్ కేసు తర్వాత హైకోర్టు డివిజన్ బెంచ్ చూడొచ్చన్నారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2016లో, మన రాష్ట్రం 2020లో ట్రిబ్యునల్‌ని వదిలేసుకున్నాయి. కేసులు హైకోర్టుకి వెళ్లాయి. ఇప్పుడు రాష్ట్ర ఉద్యోగి రాజ్యాంగం 226వ అధికరణ కింద నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి, ఒక జడ్జిగారు వింటారు, ఓడినవాళ్లు ఇద్దరు జడ్జీల ముందు రిట్ అప్పీలుకి వెళ్లొచ్చు.

"అయితే నీకు హైదరాబాద్ బాధ తప్పింది" అన్నాడు బాబాయ్, అదేదో నాకు కలిసొచ్చినట్టు. విజయవాడ రైల్వేలో చేసే మా బావగారికి మాత్రం ఆ బాధ తప్పలేదు. కేంద్ర ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇంకా ఉంది, క్యాట్ (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్). అక్కడి లెక్కలు చట్టంలోనే రాసి ఉంటాయి. శాఖలోని అప్పీలు ముందు వాడుకోవాలి, అప్పీలు వేసి ఆరు నెలలైనా జవాబు లేకపోతే అప్పుడు వెళ్లొచ్చు, అక్కణ్నుంచి ఏడాది లోపు వెళ్లాలి. మాకు రిట్‌కి అలాంటి గీత లేదు. గీత లేదు కదా అని కూర్చోవడానికీ లేదు.

దానికి మా ఆఫీసులోనే ఉదాహరణ ఉంది. పేరెందుకు, మా సూపరింటెండెంట్ ఒకాయన, తనకంటే జూనియర్‌కి ముందు ప్రమోషన్ ఇచ్చారని తొమ్మిదేళ్లు అర్జీలు పెట్టుకుంటూ పోయారు. ప్రతి కొత్త అధికారికీ ఒక అర్జీ. తొమ్మిదో ఏట ఎవరో పాపం 'మీ అభ్యర్థన పరిశీలించి తిరస్కరించడమైనది' అని జవాబిచ్చారు. ఆ జవాబు తారీఖు పట్టుకుని కోర్టుకెళ్లారు. నిలబడలేదు. చచ్చిపోయిన క్లెయిముకి కొత్త జవాబొచ్చినంత మాత్రాన ప్రాణం రాదని 2008లో సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. పైగా ఈయన్ని పైకెక్కించాలంటే తొమ్మిదేళ్లుగా స్థిరపడిన ఇంకెందరినో కిందికి దించాలి. జీతం, పెన్షన్ తప్పుగా కట్టడం అయితే కొంత నయం, ప్రతి నెలా కొత్తగా తప్పు జరుగుతున్నట్టే లెక్క. అయినా బకాయిలు వెనక్కి మూడేళ్లకి మించి రావడం కష్టమని అదే ఏడాది తర్సేమ్ సింగ్ కేసులో ఉంది. తొందరపడితే ఇప్పుడే ఎందుకొచ్చావంటారు, ఆగితే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. ఈ రెండింటి మధ్య సందు ఎక్కడుందో చూపించడానికే లాయరు గారికి నేనిచ్చిన ఫీజులో సగం వెళ్లిందనుకుంటాను.

ఏప్రిల్‌లో అప్పీలు రాశాం. ఒకటి మా ఆఫీసు ద్వారా, త్రూ ప్రాపర్ ఛానెల్. ముందస్తు నకలు ఒకటి నేనే తీసుకుని నాన్‌స్టాప్ బస్సెక్కి విజయవాడ వెళ్లి, శాఖాధిపతి కార్యాలయంలో తపాల్ సెక్షన్‌లో ఇచ్చాను. తపాల్ కుర్రాడు కాగితం తీసుకుని "సరే మేడమ్, వెళ్లండి" అన్నాడు. నేను కదల్లేదు. నా నకలు మీద స్టాంపు వేసి తారీఖు రాసేదాకా ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. వెనక ఉన్నవాళ్లు విసుక్కున్నారు. తర్వాత మొత్తం కేసులో ఎదుటివాళ్లు కాదనలేకపోయిన కాగితం అదొక్కటే. ఆఫీసు ద్వారా పంపింది మాకు చేరలేదని పై ఆఫీసు, మేము పంపామని మా ఆఫీసు చాలాకాలం వాదించుకున్నాయి.

ఎనిమిది నెలలు గడిచాయి. రెండు రిమైండర్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు లేదు. ఆఫీసులో కొందరు జాలిగా, కొందరు వింతగా చూసేవారు. "డిపార్ట్‌మెంట్ మీద కేసేసి అందులోనే ఎలా చేస్తావే" అంది నాకెంతో ఇష్టమైన స్నేహితురాలే. ఇంకా వేయలేదు మొర్రో అన్నా వినలేదు.

2023 జనవరిలో లాయరు గారు "ఇప్పుడు" అన్నారు.

అఫిడవిట్ కోసం నా నాలుగు పేజీల వివరణ ఆయనకిచ్చాను. ఇంగ్లిష్‌లో డ్రాఫ్టు వచ్చింది. నా నాలుగు పేజీలు ఒక పేరాలో, అదీ చివరి పేరాలో ఉన్నాయి. మిగతాదంతా ఏ తారీఖున మెమో, ఏ రూల్ కింద, ఏ శిక్ష, విచారణ జరగలేదు, కారణాలు లేవు, అప్పీలు ఇచ్చి ఇన్ని నెలలు. నాకు ఏడుపొచ్చింది. "సార్, రెండో వోచర్ మీద ఇనీషియల్ నాది కాదు. అసలు విషయం అదే కదా?"

"నీకు అసలు విషయం అదేనమ్మా. కోర్టుకి కాదు. నువ్వు తప్పు చేశావా లేదా అని జడ్జిగారు తూకం వేయరు. రిట్‌లో కోర్టు మీ డిపార్ట్‌మెంట్‌కి అప్పీలు కోర్టు కాదు. నిర్ణయం ఎలా తీసుకున్నారో చూస్తుంది, నిర్ణయం సరైనదా అని కాదు." ఇది 1995లో బి.సి. చతుర్వేది కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. ఎవరైనా ఆధారమే లేకుండా తేల్చేస్తేనో, శిక్ష కోర్టు మనస్సాక్షిని కుదిపేసేంత దారుణంగా ఉంటేనో తప్ప లోపలికి చెయ్యి పెట్టదు.

ఆ మాట మింగడానికి నాకు చాలా రోజులు పట్టింది. గెలుస్తానన్నా ఆనందం లేదు. నా మాట వినకుండానే గెలుస్తానట.

రిట్ వేసే రోజు నేను వెళ్లనక్కర్లేదు, వకాలత్ మీదా అఫిడవిట్ మీదా సంతకాలు చాలు. అయినా వెళ్లాను. తాడికొండ, తుళ్లూరు మీదుగా మా వారి బండి మీద. 2019 నుంచి మన హైకోర్టు నేలపాడులో ఉంది కదా. దారిలో ప్రభుత్వ ఉద్యోగుల కోసం మొదలుపెట్టి సగంలో ఆగిన ఇళ్ల టవర్లు, చుట్టూ తుమ్మ చెట్లు. "మనకోసమేనంట" అన్నారు మా వారు. నవ్వాలో లేదో తెలీలేదు.

అడ్మిషన్‌కి, అంటే కేసు తీసుకోవాలో లేదో చూడటానికి, వచ్చిన రోజు మా కేసు నడిచింది పట్టుమని ఐదు నిమిషాలు లేదు. సర్వీసెస్ జీపీ గారు, అంటే ప్రభుత్వ ప్లీడరు, లేచి అప్పీలు పెండింగ్‌లో ఉంది, రిట్ నిలవదు అన్నారు. మా లాయరు గారు తపాల్ స్టాంపు ఉన్న పేజీ నంబరు చెప్పారు. జడ్జిగారు పేజీ తిప్పి చూశారు. అప్పీలు అధికారి ఎనిమిది వారాల్లో, కారణాలు రాస్తూ, అప్పీలు తేల్చాలి అని ఆదేశించి రిట్ ముగించారు. అంతే. శిక్ష సంగతి ముట్టుకోలేదు.

బయటికొచ్చి నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ దీనికోసమా? లాయరు గారు జూనియర్‌ని టీ తెమ్మని పంపి, "ఇది ఓడిపోవడం కాదమ్మా. ఇప్పుడు వాళ్లు కారణాలు రాయక తప్పదు. రాస్తే దొరుకుతారు, రాయకపోయినా దొరుకుతారు" అన్నారు.

ఎనిమిది వారాలు అయ్యాయి. పదో వారం లీగల్ నోటీసు పంపారు, ఆదేశం అమలు చేయకపోతే కోర్టు ధిక్కారం కింద వెళ్తామని. దానికి 1971 చట్టం ప్రకారం ఏడాది గడువు ఉంటుంది. నోటీసు అందిన తొమ్మిదో రోజున అప్పీలు మీద ఉత్తర్వు వచ్చేసింది, ఏడాదిగా కదలని ఫైలు. తిరస్కరణ. 'అప్పీలుదారు లేవనెత్తిన అంశాలన్నీ క్షుణ్ణంగా పరిశీలించడమైనది' అన్నారు. ఏ అంశాలో ఒక్కటీ లేదు. ఇరవయ్యో రూల్ మాటే లేదు. లాయరు గారు ఆ కాగితం చూసి మొదటిసారి నవ్వారు.

2023 జూన్‌లో రెండో రిట్. ఈసారి రెండు ఉత్తర్వులనీ సవాలు చేశాం. మధ్యంతర ఉత్తర్వు అడిగాం, రాలేదు. డబ్బు విషయమే కదా, గెలిస్తే తర్వాతైనా వస్తుంది అని. నోటీసులయ్యాయి, కౌంటర్‌కి (వాళ్ల లిఖిత జవాబుకి) వాయిదాలు. సాయంత్రం కాజ్ లిస్టు (మర్నాటి కేసుల జాబితా) రాగానే మా అబ్బాయి ఫోన్‌లో నా కేసు నంబరు వెతికేవాడు. పదో తరగతి చదివేవాడికి 'ఫర్ ఆర్డర్స్'కీ 'ఫర్ హియరింగ్'కీ తేడా తెలిసిపోయింది.

కొన్ని వాయిదాలకి వెళ్లాను, ఊరికే, ఇంట్లో కూర్చోలేక. కోర్టు హాలు బయట బెంచీల మీద అందరూ నాలాంటివాళ్లే, చేతిలో ఫైలు, మొహంలో లెక్కలు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక అబ్బాయిని సస్పెండ్ చేసి ఐదు నెలలైంది, ఇంకా చార్జ్ మెమో ఇవ్వలేదు. మూడు నెలల్లో చార్జ్ మెమో ఇవ్వకుండా సస్పెన్షన్ సాగదీయకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని అతనే నాకు చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా, పాఠం అప్పజెప్పినట్టు. అలాంటివాళ్లు ముందు అప్పీలంటూ తిరగక్కర్లేకుండానే లోపలికి వెళ్లగలుగుతున్నారు. బదిలీ ఆపించుకుందామని వచ్చినావిడ మాత్రం వెంటనే తిరిగి వెళ్లింది. బదిలీ ఉద్యోగంలో భాగం, రూల్‌కి విరుద్ధమో, కక్షతో చేసిందో అని చూపించగలిగితే తప్ప కోర్టు జోక్యం చేసుకోదు. కక్ష నిజమే కావచ్చు, కాగితం మీద ఎలా చూపిస్తారు?

2024 ఆగస్టులో వాదనలు జరిగాయి. జడ్జిగారు అడిగింది ఒకే ప్రశ్న, విచారణాధికారిని వేశారా? జీపీ గారు ఫైలు తిప్పి, ఇన్‌స్ట్రక్షన్స్ తీసుకుంటాను, అంటే శాఖని అడిగి చెప్తాను అన్నారు. రెండో రోజు మళ్లీ వచ్చి, లేదని ఒప్పుకున్నారు. రెండు ఉత్తర్వులూ రద్దయ్యాయి. ఆపిన ఇంక్రిమెంట్లు ఇవ్వాలి. శాఖ కావాలనుకుంటే ఇరవయ్యో రూల్ ప్రకారం మెమో దశ నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, నాలుగు నెలల్లో ముగించాలి.

'కావాలనుకుంటే' అన్న ఆ మాట చూసి మా వారు నీరసపడిపోయారు. "మళ్లీ మొదటికా?" లాయరు గారు ఇది ముందే చెప్పారు, పద్ధతి తప్పిందని కొట్టేస్తే పద్ధతిగా చేసుకోమని పంపుతారు అని. ఆఫీసులో కొందరు స్వీట్లు అడిగారు. కొందరు రిట్ అప్పీలు వేస్తారట అని భయపెట్టారు. ముప్పై రోజులు లెక్కపెట్టుకున్నాను. వేయలేదు.

అక్టోబర్‌లో కొత్త చార్జ్ మెమో వచ్చింది, ఈసారి నిండుగా, అభియోగాలు, పత్రాల జాబితా, సాక్షుల జాబితాతో. పక్క జిల్లా నుంచి విచారణాధికారిని వేశారు. మొదటి మెమో రోజు నిద్ర పట్టలేదన్నానా, దీని రోజు హాయిగా పట్టింది. ఎందుకో నాకే తెలీదు.

విచారణ కలెక్టరేట్ వైపు ఒక ఆఫీసు గదిలో. రిటైరైపోయిన ఆవిడని కూడా సాక్షిగా పిలిచారు, పాపం నరసరావుపేట నుంచి మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. విచారణాధికారి పెద్దాయన, మాట తక్కువ. రెండు వోచర్లూ ఒరిజినల్స్ తెప్పించి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. కళ్లజోడు తీసి రెండోదాన్ని దగ్గరగా చూసి, నా వైపు తిప్పారు.

"అమ్మా, ఈ ఇనీషియల్ నీదేనా?"

మూడేళ్ల తర్వాత ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. కాదన్నాను. సెలవు చీటీ ఇచ్చాను. ఆయన తన చేత్తోనే రాసుకుని, రాసింది నాకు చదివి వినిపించి, "సరిగ్గా ఉందా? అయితే ఇక్కడ సంతకం పెట్టు, తారీఖు వెయ్యి" అన్నారు. ఈసారి తారీఖు చూసుకుని వేశాను.

అభియోగం రుజువు కాలేదని నివేదిక ఇచ్చారు, ఫైలు మూసేశారు. ఇంక్రిమెంట్ల బకాయి బిల్లు ట్రెజరీ నుంచి ఒకసారి అభ్యంతరంతో వెనక్కి వచ్చింది, కోర్టు ఉత్తర్వు నకలు జత చేయలేదని. జత చేసి మళ్లీ పంపాం. పంపేముందు నా నకలు మీద స్టాంపు వేయించుకున్నాను.